తెగ్వెన్ అత్త నీలిబాన

మగ్గం తెగ్వెన్ అత్తకి లోకంలో గిట్టని మాట ఒక్కటే: "పారబొయ్యి." ఎవరైనా ఏదైనా పారబోస్తున్నారని పసిగట్టిందంటే చాలు, మగ్గం మీంచి దిగ్గున లేచి, నాడె చేతిలో ఉండగానే పరుగెత్తుకొచ్చేది. "ఆగు! పారబొయ్యకు! దాన్లో రంగుంది!" అనే ఆ కేక మా కూమ్‌గ్లాస్ లోయలో కోడికూతకన్నా ఎక్కువసార్లు వినబడేది. కోడి ఒకసారి కూసి ఊరుకుంటుంది. అత్త ఊరుకునేది కాదు.

మా లోయలో ఇంటిపేర్లు మూడో నాలుగో. ఊళ్ళో సగం మంది జోన్సులు, మిగతా సగం డేవిసులు. అందుకని ఎవరి పని వాళ్ళ పేరు ముందు తగిలిస్తాం. కొట్టు గ్లెనిస్, గొర్రెల టూమ్, మగ్గం తెగ్వెన్. నేను టపా గెథిన్‌ని. పదిహేడేళ్ళు సైకిలు మీద ఇంటింటికీ ఉత్తరాలు పంచాను. ఆ పదిహేడేళ్ళూ ఉత్తరాలతో పాటు అత్తకి కావలసిన చెత్తంతా కూడా మోశాను. ప్రభుత్వంవారి సైకిలు మీద ఉల్లిపొట్టు మూటలు, అక్రోటు తొక్కలు, తుప్పుమేకుల డబ్బాలు. ఒకసారి టపా ఇనస్పెక్టరుగారు దారిలో ఆపి, "ఈ బస్తాలో ఏముందయ్యా?" అన్నారు. "రంగండీ," అన్నాను. విప్పి చూసుకుని, మళ్ళీ నన్నెప్పుడూ ఏమీ అడగలేదు.

మా తాతని సమాధి చేసినరోజు సంగతి చెబుతాను. మేం చాపెల్ అనే మా చిన్న చర్చి వెనకాల గదిలో అందరికీ టీ, హామ్, ఎండుద్రాక్ష రొట్టె. ఆడవాళ్ళంతా కళ్ళొత్తుకుంటూ కప్పులు కడుగుతున్నారు. అత్త కూడా కళ్ళొత్తుకుంటూనే ఉంది, కానీ రెండో చేతిలో బకెట్టు పట్టుకుని కూజాల్లోని టీ ఆకులన్నీ దాన్లోకి దులుపుతోంది.

"ఎంతమంది వచ్చార్రా గెథిన్?" అంది.

"నూట ఇరవై ఉంటారు అత్తా."

"అబ్బ, ఎంత మంచి మనిషిరా మీ తాత! బకెట్టు నిండిపోయింది."

మా నాయనమ్మ విని, ఏడవాలో కొట్టాలో తెలియక నిలబడిపోయింది. రెండు నెలల తర్వాత అత్త ఒక చిన్న కంబళి తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. లేత గోధుమరంగు. "ఆరోజు టీదే. నూట ఇరవై మంది ఉన్నారు దీన్లో," అంది. మా నాయనమ్మ ఆ కంబళి ఉతకనిచ్చేది కాదు.

అలాగే సమాధుల దొడ్డి గొడవ. మా వైపు రాళ్ళమీద బూడిదరంగు పాచి పట్టుకుని ఉంటుంది. దాన్ని గీకి ఉన్నితో పాటు ఉడికిస్తే ఇటుకరంగు దిగుతుంది, వాసన కూడా బాగుంటుంది. మంచి పాచి ఎక్కడ ఉంటుందయ్యా అంటే, ఏళ్ళ తరబడి కదలని రాయి మీద. ఏళ్ళ తరబడి కదలని రాళ్ళు మా ఊళ్ళో ఉన్నది ఒక్కచోటే. కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఒక ఉదయం కిటికీలోంచి చూస్తే, అత్త ఒక సమాధిమీద కూర్చుని చెంచాతో పరపరా గీకుతోంది. ఆయన పరుగెత్తుకెళ్ళారు.

"ఏమిటమ్మా ఇది! అది పూర్వపు పాస్టరుగారి సమాధి!"

"నాకు తెలుసండీ. ఆయన ఏమీ అనుకోరు."

"మీకెలా తెలుసు?"

"బతికున్నప్పుడు ఆయన టోపీ మీదది గీక్కున్నా ఏమీ అనలేదు."

అత్త ఇల్లు ఏటి ఒడ్డున ఉన్న పాత ఉన్ని మిల్లు. మిల్లు ఎప్పుడో మూతపడింది, మగ్గం ఒక్కటే మిగిలింది. గది సగాన్ని ఆ మగ్గమే ఆక్రమిస్తే, మిగతా సగాన్ని లడులు కట్టిన నూలు ఆక్రమించేది. కూర్చోవడానికి చోటు అడిగితే, "నిలబడు, ఆరోగ్యానికి మంచిది," అనేది. ఆవిడ నేసేది మా వాళ్ళు తరతరాలుగా నేసే జంట నేత. రెండు పొరలు ఒకేసారి మగ్గం మీద పుడతాయి, గళ్ళూ నక్షత్రాలూ వచ్చిన చోటల్లా పై పొర కిందికి, కింది పొర పైకి మారుతుంటాయి. ఒకవైపు నీలం మీద ఎరుపు గళ్ళయితే తిప్పితే ఎరుపు మీద నీలం గళ్ళు. వాళ్ళ అమ్మమ్మ ఆ నమూనాలన్నీ పాటల పుస్తకం చివరి ఖాళీ కాగితాల మీద చుక్కలు పెట్టి దాచింది. అందుకని అత్త చాపెల్లో పాడుతూ పాడుతూ చివరి పేజీలు తిప్పేది. మేమంతా మూడో చరణంలో ఉంటే ఆవిడ పెదాల మీద "రెండు కింద, రెండు పైన, ఒకటి వదులు" అని నడుస్తుండేది. ఏ నమూనా అయినా ఉన్నదున్నట్టు నేసేది కాదు. "అమ్మమ్మ కళ్ళతో చూసింది అమ్మమ్మ నేసింది. నాకూ రెండు కళ్ళున్నాయి," అని ఒక గడి పెంచేది, ఒక నక్షత్రాన్ని రెండుగా చీల్చేది. నచ్చకపోతే మూడు రోజుల పని విప్పేసి మళ్ళీ పాడుకుంటూ మొదలుపెట్టేది.

రంగులకి ఆవిడ పెట్టుకున్న పేర్లు వేరు. పసుపు అనేది కాదు. "ఇది గ్లెనిస్ కొట్టు ఉల్లిపొట్టు, మార్చినెలది. ఇది టూమ్ గట్టుమీది ముళ్ళపొద, వానకి ముందు కోసింది," అనేది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పడానికి కాస్త మొహమాటంగానే ఉంది, అయినా చెప్పక తప్పదు. పసుపు, ఎరుపు, గోధుమ అన్నీ మొక్కల్నించీ రాళ్ళనించీ వస్తాయి. నీలం అలా రాదు. దూరదేశం నుంచి వచ్చే నీలిమందు గడ్డని నీళ్ళలో వేస్తే కరగదు. దాన్ని కరిగించాలంటే బాగా పులిసిన మనిషి మూత్రం కావాలి. మా తాతల కాలంలో మిల్లువాళ్ళు బండి తోలుకొచ్చి ఇంటింటా పోయించుకునేవారట. బండ్లు పోయాయి, మిల్లులు పోయాయి, అత్త మాత్రం ఉంది. గడప పక్కన మూతపెట్టిన డబ్బా, డబ్బా మీద ఇంటిపేరు. వారానికి రెండుసార్లు వాటిని మిల్లులో నీలిబానకి చేర్చేది ఎవరో వేరే చెప్పాలా? పల్లంలో బ్రేకు వెయ్యాలంటే నాకు ప్రాణం పోయేది.

ఆ డబ్బాల విషయంలో అత్త ముక్కు సుప్రీంకోర్టు. మూత తీసి ఒక్కసారి పీల్చి తీర్పు చెప్పేది. బీరు తాగేవాళ్ళ డబ్బాతో నీలం బాగా దిగుతుందని ఆవిడ సిద్ధాంతం. దాంతో పబ్బుకెళ్ళే వాళ్ళందరికీ గర్వం. "ఊరి కోసం తాగుతున్నానే," అని టూమ్ వాళ్ళావిడకి చెప్పేవాడు. చాపెల్ వాళ్ళ డబ్బాలు నెమ్మదిగా పులిసేవి. గతంలో ఒకసారి పరమ నిష్ఠాపరుడైన ఒకాయన డబ్బా చకచకా పులిసింది. అత్త ఒక్క మాటా అనలేదు, కాస్త నవ్వింది. ఆ నవ్వుకే ఆయన వారం రోజులు బయటికి రాలేదు. అదీ ఆ ముక్కుకి ఊళ్ళో ఉన్న పరపతి.

ఇప్పుడు ఇద్వల్ గారి గురించి చెప్పాలి. చాపెల్లో డీకన్, అంటే సంఘపెద్ద, పాటలెత్తే మనిషి. ఆయన గొంతు విప్పితే కిటికీ అద్దాలు ఒణికేవి. మద్యనిషేధ సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. ఊళ్ళో సగం మందితో ఇక తాగబోమని సంతకాలు పెట్టించాడు. అత్తా ఆయనా ఒకే బడిలో ఒకే బల్ల మీద చదువుకున్నారు, కాబట్టి మర్యాదలేమీ లేవు. ఆయన కూతురు నోన్‌కి డిసెంబరులో పెళ్ళి కుదిరింది. మా దగ్గర పిల్ల పెళ్ళికి జంట నేత కంబళి ఇవ్వాలి. అది లేకుండా పంపితే ఆ ఇంటి మొహం ఎవరూ చూడరు.

నోన్ మిల్లుకి వచ్చి, పట్నం కొట్టు పుస్తకం తెరిచి చూపించింది. "ఇలా గులాబీరంగు కావాలి అత్తా."

"గులాబీరంగా? ఎక్కడ పండుతుందే అది మన లోయలో?"

"పండనక్కర్లేదు అత్తా, డబ్బాలో వస్తుంది."

"డబ్బాలో వచ్చేది నాకూ ఒకటుంది," అంది అత్త. నోన్ పుస్తకం మూసేసింది. చివరికి మంజిష్ఠ వేరు ఎరుపు, నీలం, మధ్యలో ఉల్లిపొట్టు బంగారం అని ఒప్పుకున్నారు. అత్త నియమం ఒకటుంది: పెళ్ళి కంబళికి నీలం పెళ్ళికూతురి ఇంటి డబ్బాతోనే దిగాలి. పుట్టింటి నుంచి ఏదో ఒకటి పిల్లతో వెళ్ళాలి కదా, అని ఆవిడ వాదన. ఇంతకన్నా మంచిది ఏదైనా పంపచ్చు కదా అని మేమెవరం అడిగే ధైర్యం చెయ్యలేదు.

ఇద్వల్ గారికి అది మహాగౌరవం. ఆ వేసవి ఆయన ఇంటి ముందు ఒక డబ్బా కాదు, రెండు డబ్బాలు ఉండేవి. "నీళ్ళు తాగే మగాణ్ణి నేను! చూశావా గెథిన్, మద్యం ముట్టనివాడి ఆరోగ్యం!" అనేవాడు. నిజంగానే పాటల సాధనలో కూజాలకి కూజాలు ఎత్తి తాగేవాడు. చొక్కా మాత్రం ఒంటిమీద వేలాడుతోంది. పెళ్ళి పనుల్లో చిక్కాడనుకున్నాం.

సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున, రొట్టెల కోసం గ్లెనిస్ కొట్టు ముందు పదిహేనుమంది ఉన్నాం. ఇద్వల్ గారు మెట్లమీద నిలబడి, పెళ్ళిలో ఏ పాట ఏ శ్రుతిలో ఎత్తుతాడో మాకు పాడి చూపిస్తున్నాడు. ఇంతలో అత్త వచ్చింది. చేతిలో ఆయన డబ్బా.

"ఇద్వల్, ఇదిగో. ఇది నాకొద్దు. పారబొయ్యి," అంది.

మేమంతా నోళ్ళు వెళ్ళబెట్టాం. ఆవిడ నోట ఆ మాట మా తరంలో ఎవరూ వినలేదు. గ్లెనిస్ చేతిలో బంగాళాదుంపలు ఒక్కొక్కటే రాలుతున్నాయి, ఆవిడ చూసుకోలేదు.

"ఏమన్నావ్?" అన్నాడు ఇద్వల్ గారు.

"పారబొయ్యి అన్నాను. వాసన తేడాగా ఉంది. తియ్యగా ఉంది."

"తియ్యగానా?"

"తియ్యగానే. అంతకన్నా నన్నడక్కు," అని డబ్బా మెట్టుమీద పెట్టి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

తర్వాత గొర్రెల టూమ్ మెల్లిగా, "తియ్యగా అంటే... ద్రాక్షసారా ఏమోనండీ? అది తియ్యగానే ఉంటుంది," అన్నాడు. టూమ్ చేత తాగనని మూడుసార్లు సంతకం పెట్టించింది ఇద్వల్ గారే. ఆ ఆనందం దాచుకోవడం టూమ్ వల్ల కాలేదు.

మధ్యాహ్నానికల్లా లోయ పొడుగునా పాకింది. డీకన్ గారు చాటుగా తాగుతున్నాడట, తెగ్వెన్ ముక్కు పట్టేసిందట. నేను ఒక్కో ఇంటికీ ఉత్తరం ఇస్తుంటే ఒక్కో ఇంట్లో సీసా పెద్దదవుతోంది. చివరి ఇంటికి వచ్చేసరికి ఆయన మంచం కింద పీపా ఉంది.

నాకు ఒళ్ళు మండింది. పదిహేడేళ్ళు మోశాను, నాకూ అడిగే హక్కుంది కదా. సైకిలు గోడకి పడేసి రంగుల షెడ్డులోకి దూసుకెళ్ళాను. అత్త వేరే ఇళ్ళ డబ్బాలతో పెట్టిన నీలిబానలోంచి నూలు లడి ఎత్తుతోంది. అది బయటికి వచ్చినప్పుడు నీలంగా ఉండదు, గడ్డిరంగులో ఉంటుంది. గాలి తగిలాక మన కళ్ళముందే పచ్చనవుతూ, ముదురుతూ, నిమిషంలో నీలమైపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు అక్కడే ఆగిపోవాలనిపిస్తుంది. ఆరోజు కూడా కోపం మరిచి ఆ నిమిషం చూశాను. తర్వాత గుర్తు తెచ్చుకుని అరిచాను.

"ఏంటత్తా నువ్వు చేసిన పని? పిల్ల పెళ్ళి పెట్టుకుని ఆ పెద్దమనిషి పరువు నడిబజార్లో తీస్తావా? ఆయన తాగడని నీకు తెలీదా?"

"తాగడు. వాడి మొహానికి తాగడం కూడానా?"

"మరి?"

"కందిరీగలురా," అంది అత్త. లడి పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. "నెల రోజుల్నించి వాడి డబ్బా చుట్టూ కందిరీగలు మూగుతున్నాయి. మిగతా ఏ డబ్బా జోలికీ పోవు. మూత తీస్తే జామ్ వాసన. అది పులవడం లేదు, సారాలా పొంగుతోంది. నీళ్ళలో చక్కెర పోతోంది వాడికి. తాగుతున్న కూజాలు చూశావుగా. వేలాడుతున్న చొక్కా చూశావుగా."

నేను ఒక ఉన్నిబస్తా మీద కూలబడ్డాను. అత్త కూర్చోవద్దని అనలేదు.

"మా నాన్న డబ్బా చుట్టూ కూడా ఇలాగే మూగేవి. నాకప్పుడు పదకొండేళ్ళు. తమాషాగా ఉందని కూర్చుని చూసేదాన్ని. చూస్తూ ఊరుకున్నానురా. చలికాలం రాకముందే పోయాడు," అంది. పక్కన పెట్టిన లడిని మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"మరి ఇద్వల్ గారికి నేరుగా చెప్పొచ్చుగా అత్తా!"

"రెండుసార్లు చెప్పాను. నెస్టా మూడుసార్లు చెప్పింది, కట్టుకున్న పెళ్ళాం మాట కూడా వినలేదు. డాక్టరు గడప తొక్కితే దేవుడి మీద నమ్మకం లేనట్టేనట. ముప్ఫై ఏళ్ళుగా తొక్కలేదట. గుర్రంలా ఉన్నాడట."

"మరి ఇప్పుడు మాత్రం ఎందుకు తొక్కుతాడు?"

"ఆరోగ్యం కోసం వాడు కాలు కదపడు. పరువు కోసం కొండెక్కుతాడు. బడిలో కూడా అంతే. తాగలేదని రుజువు కావాలంటే ఎవరు రాసివ్వాలి? డాక్టరే కదా? సీసా పట్టుకుని వాడే పరుగెత్తుతాడు చూడు. నేను అబద్ధం ఆడలేదు. తియ్యగా ఉందన్నాను, అంతే. మిగతాది మన ఊరి వాళ్ళు చూసుకున్నారు."

"వెళ్ళకపోతే?"

అత్త జేబులోంచి ఒక కవరు తీసింది, డాక్టరు ప్రోసర్ గారి పేరు మీద. "వాడొచ్చి సారా గురించి అరుస్తాడు, మీరు చక్కెర చూడండి అని రాశాను. నువ్వు టపావాడివి. మూసిన కవరు లోపల ఉన్నది ఎవరికీ చెప్పవు కదా?"

"చెప్పను," అన్నాను. చెప్పలేదు కూడా. ఆ వారం నేను ఎంత కడుపుబ్బరంతో ఉన్నానో ఆ దేవుడికే తెలుసు.

వారం రోజులు. ఊరంతా అట్టుడికినట్టు ఉడికింది. చాపెల్ పెద్దలు పాటలెత్తడానికి ఇంకొకరిని చూడాలా అని గుసగుసలాడారు. పెళ్ళికొడుకు వాళ్ళ లోయకీ కబురు పోయింది. నోన్ అత్తని దారిలో చూసి మొహం తిప్పేసుకుంది. ఎవరో అత్త గడప ముందే ఒక డబ్బా కుమ్మరించి పోయారు. అత్త బయటికొచ్చి చూసి, "అయ్యో, మంచిది కూడాను," అని మాత్రం అంది. రోజూ పొద్దున నేను మిల్లు దగ్గర బ్రేకు వేసేసరికి ఆవిడ గుమ్మంలో ఉండేది.

"వెళ్ళాడా?"

"లేదత్తా."

లోపలికి వెళ్ళి మగ్గం తొక్కేది. ఆ వారం నేసినదంతా తర్వాత విప్పేసింది. ఇద్వల్ గారు డాక్టరు కోసం బస్సెక్కకముందే పడిపోతే ఏమిటి గతి అని నాకూ నిద్రపట్టలేదు.

ఏడోరోజు పొద్దున ఇద్వల్ గారు ఆదివారం చాపెల్‌కి వేసుకునే కోటు, టోపీ వేసుకుని బస్టాపులో నిలబడి ఉన్నాడు. లోపలి జేబులో దగ్గుమందు సీసా నిలువుగా పెట్టుకుని, అది ఒలక్కుండా రెండు చేతులతో గుండె మీద పట్టుకున్నాడు. చూసినవాళ్ళకి ప్రార్థన చేస్తున్నాడనిపించింది. నన్ను చూసి, "సాయంత్రానికి కాగితం తెస్తాను గెథిన్! డాక్టరు సంతకంతో! ఊరి నోరు మూయిస్తాను!" అన్నాడు.

నేను ఆ రోజు ఉత్తరాలన్నీ మానేసి మిల్లుకి సైకిలు తొక్కాను. "బస్సెక్కాడు," అన్నాను. అత్త మగ్గం మీద తల వాల్చింది. లేచాక, "ఆలస్యం చేశాడు, గాడిద," అంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఇద్వల్ గారు లేచి నిలబడి కాగితం విప్పాడు. "పరీక్షించిన నమూనాలో మద్యం లేశమాత్రమైనా లేదు," అని అద్దాలు ఒణికేలా చదివాడు. చదివి కాగితం మడిచేశాడు. నేను మేడమీద వరసలో కూర్చుని ఉన్నాను, కిందికి బాగా కనబడుతుంది. కాగితంలో ఇంకా ఆరు వరసలున్నాయి. ఆయన మడవటం మరీ తొందరగా ఉంది. రోజూ సూది పొడుచుకోవాలని, ఎండుద్రాక్ష రొట్టె ముట్టకూడదని ఆ ఆరు వరసల్లో ఉందని నాకు తర్వాత తెలిసింది. గుర్రంలాంటి మనిషినని ముప్ఫై ఏళ్ళు చెప్పుకున్నవాడికి అది నలుగురిలో చదవడం ఎలా సాధ్యం?

అప్పుడు వెనక బెంచీలోంచి అత్త లేచింది. "తప్పు నాదే. ఇద్వల్ తాగలేదు. నా ముక్కు ముసలిదైపోయింది. అందరూ మన్నించాలి," అని కూర్చుంది.

నేను మేడమీంచి అరవబోయి నోరు నొక్కుకున్నాను. ఆ ముక్కంటే ఆవిడకి ఎంత గర్వమో మీకు చెప్పాను కదా. దాన్ని అంతమందిలో అలా ఇచ్చేసింది. తర్వాత మా ఊరు ఊరుకుంటుందా? గ్లెనిస్ సబ్బు చూపించి, "ఇది జున్నా, సబ్బా చెప్పు అత్తా," అనేది. టూమ్ అయితే గొర్రెని తెచ్చి వాసన చూడమన్నాడు. జనం డబ్బాలు పెట్టడం మానేశారు. "ముక్కు పోయాక ఇంకెందుకులే," అని ఎవరి ఇంటి వెనక వాళ్ళు పారబోసుకున్నారు. ఊళ్ళో అన్నివైపులా పారబోస్తుంటే అత్త గుమ్మంలో నిలబడి వింటూ ఉండేది. నీలిబాన చల్లబడిపోయింది. నోన్ కంబళికి పడుగు సిద్ధం, ఎరుపు సిద్ధం, బంగారం సిద్ధం. నీలం లేదు.

"నిజం చెప్పేస్తాను అత్తా," అన్నాను ఒకరోజు.

"చెప్పావంటే నీ సైకిలు చక్రాలకి పడుగు చుట్టేస్తాను. చెప్పుకుంటే వాడు చెప్పుకోవాలి. లేకపోతే లేదు. బతికున్నాడు కదా," అంది.

నోన్ పెళ్ళి డిసెంబరులో బ్రహ్మాండంగా జరిగింది, వాళ్ళ నాన్న గొంతుకి చాపెల్ కిటికీ అద్దం ఒకటి నిజంగానే బీటలిచ్చింది, ఆ కంబళిని చూడటానికి పక్క లోయ నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చారు. అదంతా అందరికీ తెలుసు. నాకు గుర్తుండిపోయింది మాత్రం అక్టోబరులో ఒక సోమవారం.

అంతకుముందు శుక్రవారం ఇద్వల్ గారు రెండోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరుగారు చక్కెర దిగిందని చెప్పి, డ్రాయరు లాగి అత్త రాసిన ఉత్తరం చేతిలో పెట్టారట. "ఇంకో నెల ఆగి వచ్చి ఉంటే నేను మీ పెళ్ళికి కాదు, ఇంకోదానికి రావలసి వచ్చేది," అన్నారట. ఇద్వల్ గారు రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం మా ఊళ్ళో అదే మొదటిసారి.

సోమవారం పొద్దున పదింటికి, వీధి నిండా జనం ఉన్న వేళ, ఆయన ఇంటి తలుపు తెరుచుకుంది. నల్లకోటు, నల్లటోపీ, మెరిసే బూట్లు. కుడిచేతిలో డబ్బా. మా లోయలో ఏ మగవాడూ తన డబ్బాని తనే పట్టుకుని వీధిలో నడవడు. అవి పొద్దున్నే మాయమవ్వాలి, అందుకే కదా నేనున్నది. నేను సైకిలు ఆపి చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు. నడివీధిలో, పాటకి తాళం వేసినట్టు అడుగులేస్తూ నడిచాడు. నేను వెనకాల సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాను. కొట్టులోంచి గ్లెనిస్, పొలంలోంచి టూమ్, అందరూ బయటికొచ్చారు.

"ఏమిటండీ డీకన్ గారూ అది?" అన్నాడు టూమ్, నవ్వాపుకుంటూ.

"నా డబ్బా," అన్నాడాయన లోయంతా వినబడేలా. "వినండి అందరూ. నాకు చక్కెర జబ్బు. పొద్దుటే సూది పొడుచుకుని వస్తున్నాను. తెగ్వెన్ ముక్కు తప్పు కాదు, నా నీళ్ళే తప్పు. నేను చస్తానని తెలిసి నన్ను తిట్టించి మరీ డాక్టరు దగ్గరికి పంపింది. ఆ మహాతల్లి ముక్కుని ఎవడైనా ఇంకొక్క మాటన్నాడంటే వాడి పేరు పెట్టి చాపెల్లో పాట కడతాను!"

టూమ్ టోపీ తీశాడు. నోన్ ఎక్కణ్ణుంచో పరుగెత్తుకొచ్చి నాన్న ఎడమచెయ్యి పట్టుకుంది. కుడిచెయ్యి ఖాళీ లేదు కదా. అలాగే అందరం మిల్లుదాకా వెళ్ళాం.

అత్త గుమ్మంలో ఉంది. ఆయన డబ్బా మూత తీసి పట్టుకున్నాడు. అత్త ఒంగి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా పీల్చింది. అరవైమందిమి ఊపిరి బిగబట్టాం. ఆవిడ లేచి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ ఒకసారి పీల్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాసన వల్లేనని తర్వాత నాతో వాదించింది.

"పనికొస్తుంది," అంది. డబ్బా అందుకుని పక్కకి తప్పుకుని దారిచ్చింది. "లోపలికి రా ఇద్వల్, టీ తాగుదువుగాని. చక్కెర మాత్రం అడక్కు."